గుండీల డబ్బా

పిల్లల గ్రంథాలయంలో శనివారం నవ్వులు ఆగిపోయాయి.

నెల కిందటిదాకా వీడియో చూసే ఆ అరగంట నవ్వులతో పైకప్పు లేచిపోయేది. వారంలో ఒక పుస్తకం పూర్తిచేసిన పిల్లలకు మూలనున్న కంప్యూటర్లో నచ్చిన వీడియో చూపించడం లైబ్రేరియన్ పెట్టిన పద్ధతి. వాళ్లకు నచ్చేది ఒక్కటే, 'కెవ్వు బామ్మ'. మనవడు చాటునుంచి వచ్చి డబ్బాలోంచి ముఖం నిండా నురగ కొడతాడు. బామ్మ కెవ్వుమని కిందపడుతుంది. మళ్లీ లేచి పకపకా నవ్వుతుంది.

ఇప్పుడు ఒక్కరూ కిక్కురుమనడం లేదు. తెరకు కళ్లు అప్పగించి కూర్చున్నారు. మధ్యమధ్య రేకు డబ్బాలో టక్కుమని గుండీలు పడుతున్నాయి.

ఇదంతా ఆ కొత్త పెద్దావిడ నిర్వాకం. ఒక శనివారం ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి, బట్టలు కుట్టుకుని బతుకుతున్నానని, కాసేపు పిల్లలతో కూర్చుంటానని అడిగింది. చూస్తే నెమ్మదిగానే ఉందని లైబ్రేరియన్ సరేనంది. పేరూ ఊరూ అడగలేదు. పిల్లలే గుండీల బామ్మ అని పేరు పెట్టేశారు.

ఆవిడ నేర్పిన ఆట చిన్నది. నురగ డబ్బా మీది కంపెనీ పేరు సూటిగా మనవైపు తిరిగినప్పుడల్లా ఒక గుండీ వేయాలి.

"దొర్లిన డబ్బా ప్రతిసారీ పేరు పైకి పెట్టుకునే ఆగుతుందా? మీరే చెప్పండి," అనేది.

పిల్లలు తమ నీళ్లసీసాలు నేలమీద దొర్లించి చూసుకున్నారు. ఒక్కటీ అలా ఆగలేదు. ఎవరో చేత్తో తిప్పి పెడుతున్నారని, అల్లరి పేరుతో తమకు డబ్బా అంటగడుతున్నారని వాళ్లకే తట్టింది.

లైబ్రేరియన్ కూతురికి మాత్రం ఒళ్లు మండిపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల, కెవ్వు బామ్మంటే ప్రాణం. ఆటలో చేరకుండా మూతి ముడుచుకుని తల్లి పక్కన కూర్చునేది.

ఆ వారమే పుస్తకాలు చదివే పోటీకి బహుమతులు వచ్చాయి. ఏళ్ల తరబడి అడిగితే పెన్సిల్ ముక్క ఇచ్చినవాళ్లు లేరు. అలాంటిది ఆ వీడియోల్లోని నురగ కంపెనీవాళ్లు అడక్కుండానే ఇరవై డబ్బాలు పంపారు. లైబ్రేరియన్ సంబరానికి అంతులేదు. వాటిని బల్లమీద వరసగా పేర్చి మురిసిపోతుండగా గుండీల బామ్మ దగ్గరకొచ్చింది.

"ఇవి పిల్లల చేతికివ్వకండమ్మా. బామ్మ మెట్లమీంచి పడే ఆ వీడియో కూడా చూపించకండి. మిగతావాటిలో పడేచోట తివాచీ కింద పరుపు ఉంటుంది. అందులో వేయలేదు. వేస్తే డబ్బా సరిగా దొర్లదట."

"అవన్నీ మీకెలా తెలుసు?"

పెద్దావిడ ఏదో చెప్పబోయింది. లైబ్రేరియన్‌కు వినే ఓపిక లేదు. వచ్చిన కాస్త బహుమతుల్లోనూ వంకలు వెతుకుతోందని చిర్రెత్తింది.

"పిల్లల సరదా మీద నీళ్లు పోస్తున్నారు మీరు. ఇక రాకండి."

ఆవిడ కాలీడ్చుకుంటూ బయల్దేరింది. లైబ్రేరియన్ మర్యాదకు తలుపు దాకా సాగనంపింది. తిరిగొచ్చి చూస్తే గుండీల డబ్బా కుర్చీ కిందే ఉంది. ఎప్పుడైనా కనిపిస్తే ఇద్దామని సంచిలో వేసుకుంది.

ఆ సాయంత్రమే బహుమతులు పంచారు. మొదటి డబ్బా కూతురిదే.

మర్నాడు పొద్దున లైబ్రేరియన్ ఇంట్లో ఆరిన బట్టలు తీసుకుని అమ్మమ్మ మేడ దిగుతోంది. మనవరాలు నురగ డబ్బా పట్టుకుని మెట్ల మలుపులో నక్కి ఉంది.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో తేలారు. అమ్మమ్మకు తుంటి ఎముక విరిగిందని, మళ్లీ నడవడం కష్టమేనని డాక్టరు చెప్పాడు. పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేలా ఉంది.

"కెవ్వు బామ్మ లేచి నవ్వింది కదమ్మా," అంది వెక్కుతూ. "మరి అమ్మమ్మ ఎందుకు లేవలేదు?"

లైబ్రేరియన్ పిల్లను దగ్గరకు లాక్కుంది. ఆ డబ్బా పిల్ల చేతిలో పెట్టింది తనే. పైగా నలుగురిచేతా చప్పట్లు కొట్టించి మరీ ఇచ్చింది.

పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, వరండా బెంచీమీదే ఫోన్లో మెట్ల వీడియో పెట్టింది. ఎందుకో సంచిలోంచి రేకు డబ్బా తీసింది. పేరు తనవైపు తిరిగినప్పుడల్లా ఒక గుండీ వేసింది. పదకొండు పడ్డాయి.

వెనక్కి తిప్పి, వేగం తగ్గించి మళ్లీ చూసింది.

బామ్మ పడింది. మెట్లకింద పరుపు లేదు. నురగ డబ్బా దొర్లుకుంటూ వచ్చి పేరు పైకి పెట్టుకుని ఆగింది. వెంటనే బామ్మ లేచి నిలబడి నవ్వింది. అదే చీర, అదే తెల్లజుట్టు, ముఖం నిండా నురగ. కానీ ఈవిడ ఒక జానెడు పొడుగుంది. పడిన మనిషి వేరు, లేచిన మనిషి వేరు.

లైబ్రేరియన్ ఇంకాస్త వెనక్కి తిప్పి, బొమ్మను సరిగ్గా ఆ రెండింటి మధ్య ఆపింది.

కన్ను మూసి తెరిచేంతసేపు మాత్రమే ఉన్న ఆ బొమ్మలో, ఎడమకాలు రెండు చేతులా పట్టుకుని, నురగ జారిన ముఖంతో సాయం కోసం తలెత్తి చూస్తున్నది, నిన్న తాను తలుపు దాకా సాగనంపిన గుండీల బామ్మ.