ముద్ర లేని వైపు

"ఆ వైపు కాదు తల్లీ, కాగితం తిరగెయ్యి!"

వెనక నుంచి వినిపించిన మాటకు డ్రాయింగ్ టీచరు కుంచె ఆగింది.

పోటీ మొదలైంది. ఎదురుగా ఉన్న సముద్రతీరాన్ని నీటిరంగుల్లో వెయ్యాలి. మనిషికి ఒక్కటే కాగితం. పాడైతే ఇంటిదారే.

ఆమె ఇప్పటికే మూడేళ్ళు వరసగా ఓడింది. "ఈసారీ ఉత్త చేతులతో వస్తే ఆ కుంచెలు నాకిచ్చెయ్, సీసాలు కడుక్కుంటాను" అని పక్కనే కూర్చున్న వదిన పొద్దుటినుంచీ ఆటపట్టిస్తోంది.

తిరిగి చూస్తే, నలిగిన చొక్కాలో ఒక ముసలాయన. నీళ్ళలో నాని ముడతలు పడ్డ వేళ్ళు.

"పోటీ ముద్ర ఈ వైపే ఉందండీ. అందరూ ఈ వైపే వేస్తున్నారు."

"ముద్ర కొట్టినవాళ్ళకేం తెలుసమ్మా? అది రంగు తాగేసే వైపు."

"మీరు బొమ్మలు వేస్తారా?"

"అబ్బే, నాకు తిన్నగా గీత గియ్యడం కూడా రాదు."

"మరి నాకెందుకు చెబుతున్నారు? పుణ్యముంటుంది, కాస్త అవతలికి వెళ్ళండి బాబాయిగారూ!"

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. కాగితాన్ని మరోసారి చూసుకుని, బస్సు ఆగే చోటికి నడిచాడు.

టీచరు ఓ మూల నీలం అద్దింది. పాత గుడ్డలోకి ఇంకినట్టు ఇంకి, మచ్చై కూర్చుంది. చుట్టూ చూస్తే అందరి సముద్రాలూ బురదగుంటల్లా ఉన్నాయి.

ఇక పోయేదేముంది? కాగితం తిరగేసింది. మందపాటి కాగితం, మచ్చ ఇవతలికి రాలేదు.

ఈ వైపు నీలం జారింది, నిలిచింది, మెరిసింది. ఇక ఆమె చెయ్యి ఆగితే ఒట్టు. అల విరిగే చోట ఏ రంగూ పెట్టకుండా వదిలేసింది. నురుగు దానంతటదే లేచింది.

మొదటి బహుమతి!

"మా ఆడపడుచండీ!" అందరికంటే ముందు అరిచింది వదిన.

"ఈ నురుగు ఏ రంగుతో వేశారమ్మా?" న్యాయనిర్ణేత అడిగాడు.

"రంగు కాదండీ, వట్టి కాగితం."

చప్పట్ల మధ్య ఆమె బొమ్మను రెండు చేతులా పైకెత్తి, ముసలాయన కోసం జనంలో వెతికింది. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఇందాక నా వెనక నిలబడ్డ పెద్దాయన, ముడతల వేళ్ళాయన, ఎవరండీ?" నిర్వాహకుణ్ణి అడిగింది.

"ఆయనా? ఈ కాగితాలన్నీ ఆయన చేత్తో చేసినవేనమ్మా; నలభై ఏళ్ళుగా చేస్తున్నా, వాటి మీద బొమ్మ ఎలా పడుతుందో కళ్ళారా చూడ్డానికి ఇవాళే మొదటిసారి వచ్చారు."