జాడ తెలియని చోటు

"దీంట్లో నా జాడ వానికి చెప్పేది యాడుండాదో చూడన్నా" అంటూ ప్రసన్నకుమారి ఫోన్‌ను గాజుబల్ల మీద పెట్టింది. పెట్టినట్టు లేదు, విసిరినట్టే ఉంది.

ఆత్మకూరు బస్టాండు ఎదుట సెల్‌ఫోన్ల అంగడి అది. యజమాని గోపన్న తలెత్తాడు. "ఎవరికమ్మా?"

"నా మొగునికి. చెయ్యి ఇరగ్గొట్టినాడు. కడప ఇడిచిపెట్టి పుట్టింటికొచ్చినా. నేనూ నాయనా కర్నూలు ఆస్పత్రికి పోతే గేటుకాడ నిలబడినాడు. మహానంది కాడ మా పెద్దమ్మ ఇంట్లో దాక్కుంటే, నాయన నన్ను దింపి తిరిగేలోపే ఆడికీ వచ్చినాడు. ఏసుకుమార్ కాదు వాడు, నా నీడ."

పక్కనే నిలబడ్డ తండ్రి దావీదురాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఊళ్ళో చర్చికి పెద్ద ఆయన. "ఈ రచ్చతో సంఘంలో తలెత్తుకోలేకపోతాండానప్పా" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

గోపన్న ఫోన్‌లో వెతికాడు. "మెసేజీల యాప్‌కు ఎప్పుడూ లొకేషన్ చూసుకోమని పర్మిషన్ ఇచ్చినావమ్మా. అదొక్కటే కాదు, యాడో కంప్యూటర్లో నీ అకౌంటు తెరిచి ఉండాది. నీదేనా?"

"నాకు కంప్యూటర్ యాడిదన్నా?"

"అయితే వానిదే. నీ మెసేజీలన్నీ చదువుతాండాడు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పెద్దమ్మకు చెప్పుకున్న ఏడుపులు, లాయరుకు పంపిన కట్టు ఫొటోలు, అన్నీ వాడు కూర్చుని చూశాడన్నమాట. భోంచేస్తూ చూసి ఉంటాడు. నవ్వుకుని కూడా ఉంటాడు.

"తీసెయ్యన్నా. అన్నీ తీసెయ్."

గోపన్న ఆ కంప్యూటర్‌ను తొలగించాడు. లొకేషన్ ఆపాడు. పాస్‌వర్డ్ ఆమె చేతే మార్పించాడు. "ఇంక ఈ ఫోన్ నుంచి నీ జాడ బయటికి పోదమ్మా."

"గ్యారంటీనా?" దావీదురాజు అడిగాడు.

"గ్యారంటీ పెద్దాయనా."

ఆ రోజే తండ్రీకూతుళ్ళు ఆలూరు బస్సెక్కారు. అక్కడ కుట్టు మిషన్ల అంగడిలో ఆమెకు పని, వెనకవైపే గది. ఎవరికీ చెప్పొద్దన్నాడు తండ్రి. మనసాగక ఆమె పెద్దమ్మ వరమ్మకు మాత్రం బస్సులోంచి ఫోన్ చేసి చెప్పింది.

గదిలో చాప పరిచిందో లేదో, బయట మోటార్ సైకిల్ ఆగిన చప్పుడు. కిటికీలోంచి చూసింది. ఏసుకుమార్.

ప్రసన్నకుమారి తలుపు గడియ పెట్టి వరమ్మకు ఫోన్ చేసింది.

"నువ్వే చెప్పినావు గదా వానికి."

"ఏందే ఆ మాట? నీ చెయ్యికి కట్టు కట్టించింది నేను. వాన్ని వాకిట్లోంచి చీపురుతో తరిమింది నేను."

"నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు పెద్దమ్మా. ఎంత ఇస్తానన్నాడు వాడు?"

"నన్నా ఈ మాట అంటాండావు?" అంది వరమ్మ.

"సచ్చినా నీ గడప తొక్కను."

అంతలో ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. తెర నల్లబడింది. తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి.

"తియ్యే తలుపు. ఎన్ని దినాలు దాక్కుంటావు?"

దావీదురాజు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. మొహమంతా చెమట. "నువ్వు ఆ మూలకు పో పాపా. నేను మాట్లాడతా వానితో."

"మాటలు అయిపోయినాయి నాయనా. పోలీసులకు చేస్తా."

ఆమె ఆయన చొక్కా జేబులోని ఫోన్ లాక్కుంది. ఆయన చేయి గబుక్కున అడ్డం వచ్చింది కానీ ఆలస్యమైంది. నంబరు కొట్టబోయి ప్రసన్నకుమారి ఆగిపోయింది.

తెర మీద, నాయన తన చేత్తో పంపిన లొకేషన్ అల్లుడికి ఇంకా పోతూనే ఉంది.