చెంచా చప్పుడు

వరసలో అందరికంటే ముందు ఆ ముసలమ్మే.

బల్ల మీద చేపల టిన్నులు పేర్చడం పూర్తికాకముందే గౌను జేబులోంచి చెంచా తీస్తుంది. ఒక్కో టిన్ను మీద టంగుమని కొట్టి, చెవి ఒగ్గి వింటుంది. నాలుగో ఐదో ఏరి సంచిలో వేసుకుని వెళ్లిపోతుంది. బియ్యం మాత్రం ముట్టదు.

ఎవరో, ఏ వీధో ఎవరికీ తెలియదు. వారం నుంచీ ఇదే తంతు.

జాంబొవాంగా రేవులో అది వేట నిషేధ కాలం. మూడు నెలలు వేట పడవలు కదలవు, చేపల ఫ్యాక్టరీలు తెరుచుకోవు, కూలి ఉండదు. అందుకే పేటలో ఆడవాళ్లు నలుగురు కలిసి రోడ్డు పక్కన ఈ బల్ల వేశారు. ఉన్నవాళ్లు తెచ్చి పెడతారు, లేనివాళ్లు పట్టుకెళ్తారు. ఇంటికి రెండు గ్లాసుల బియ్యం, ఒక టిన్ను.

బల్ల నడిపే మారివిక్‌కి ఒకటే దిగులు. పడవలు కదలడానికి ఇంకా నలభై రోజులుంది. అందాకా బల్ల ఖాళీ కాకూడదు.

“అక్కా, ఇంటికొకటని మాకేనా రూలు? ఆవిడకి లేదా?” వరసలోంచి అడిగింది నెరిసా. చంకలో ఏడాదిన్నర పిల్ల.

“పెద్దావిడ కదా, పోనీలే.”

“నోట్లో పళ్లు లేవు గానీ ఐదు టిన్నులు కావాలి. అమ్ముకుంటోందేమో చూసుకో.”

వరసంతా నవ్వింది. ఆకలితో ఉన్నా ఇలాంటివాటికి ఓపిక ఉంటుంది జనానికి.

మారివిక్‌కి ఒళ్లు మండింది. ఈవిడ ఐదు పట్టుకెళ్తే రేపు పదిమంది పట్టుకెళ్తారు.

“అవ్వా, ఒక్కటే తీసుకో. బియ్యం కూడా పోస్తాను.”

“బియ్యం వద్దమ్మా. ఇవే ఇవ్వు.”

“వీటిల్లో ఏముందని అంత?”

ముసలమ్మ నోరు తెరిచింది. పక్కనే ఆ టిన్నులు పంపిన షావుకారు నిలబడి ఉన్నాడు. రేపు ఇంకో పది పెట్టెలు పంపుతానని అప్పుడే మాటిచ్చాడు. అతని మొహం చూసి ఆవిడ నోరు మూసుకుంది.

“చెప్పవు కదా. అయితే రేపట్నుంచి రావద్దు.”

అనేశాక మారివిక్‌కి మనసు చివుక్కుమంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు షావుకారు దగ్గరుండి కొత్త పెట్టెలు దింపించాడు. ముసలమ్మ మళ్లీ వచ్చింది.

“తల్లీ, ఒక్కసారి కొట్టి చూడనీ. ఏదీ పట్టుకెళ్లను.”

“చూసింది చాలు. వెళ్లు.”

“ఆ చెంచా ఇంట్లో పెట్టుకో అవ్వా, కూర కలుపుకోవచ్చు,” అంది నెరిసా.

ముసలమ్మ మధ్యాహ్నం దాకా ఎదురుకొట్టు నీడలో నిలబడి, వెళ్లిపోయింది.

మూడో రోజుకి ఐదిళ్లలో మనుషులు మంచం పట్టారు. నెరిసా పిల్లకి రెప్పలు లేవడం లేదు. ఆసుపత్రిలో గొట్టం పెడితేగానీ ఊపిరాడటం లేదు.

“టిన్ను చేపే. పైకి బాగానే ఉంటుంది, లోపల విషం,” అన్నాడు డాక్టరు.

ముసలమ్మ వారం రోజులుగా ఆ టిన్నులే పట్టుకెళ్లింది. ఆవిడ ఏమైపోయిందో.

మారివిక్ వీధి వీధీ అడుగుతూ పరుగెత్తింది. చివరికి ఆవిడ ఇల్లు దొరికింది, నీళ్ల మీద గుంజల ఇల్లు. తాళం వేసి ఉంది.

“పొద్దున్నే లాంచీలో బాసిలాన్ దీవికి వెళ్లిపోయింది, చెల్లెలి దగ్గరికి,” అంది పక్కింటామె. “నేను పోసే గంజి తప్ప ఇక్కడ తిండేదీ?”

“ఆ టిన్నులు తినలేదు కదా?”

“తినడమా?”

పక్కింటామె ఆమెను ఒడ్డుకి తీసుకెళ్లింది. లోతుగా తవ్విన గోతి, మీద కప్పిన రేకు. రేకు తీస్తే లోపల టిన్నులు. ఒక్కటీ తెరవలేదు. కొన్ని అప్పటికే ఉబ్బిపోయాయి.

“ఇచ్చినాయన ముందు ఇవి చెడిపోయాయని ఎలా చెప్పను, చిన్నబుచ్చుకుని మానేస్తే ఆ బల్లే ఉండదు అనేది.”

“చెడిపోయాయని ఆవిడకెలా తెలుసు?” అడిగింది మారివిక్.

“యంత్రాలు రాకముందు చేపల టిన్నుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఆవిడ పనే అది తల్లీ. టిన్ను మీద కొట్టి, చప్పుడు విని చెప్పేది. ఆవిడ చెవి దాటి చెడ్డ టిన్ను ఒక్కటి కూడా బయటికి రాలేదు, మొన్న మీరు రావద్దన్నదాకా.”