గోళ్ళరంగు చుక్క

మార్చేశామని షోరూంవాళ్ళు బిల్లు వేసిన బ్రేకు ప్యాడ్ల మీద, సర్వీసుకి పంపేముందు తన చేత్తో పెట్టిన గోళ్ళరంగు చుక్క ఇంకా అలాగే ఉండటం చూసి పళ్ళ డాక్టరుకి చెమటలు పట్టాయి.

టార్చి వేసి, కారు చక్రం ఊచల సందులోంచి మళ్ళీ చూశాడు. సందేహం లేదు. భార్య డ్రెస్సింగ్ టేబుల్ మీంచి కొట్టేసిన గులాబీరంగు. వేడికి కాస్త కమిలింది గానీ, చుక్క చుక్కే.

ముందురోజు కూతుర్ని దింపడానికి వెళ్తే, కారు స్కూలు గేటు దాటిపోయిగానీ ఆగలేదు. "రోడ్డు తడిగా ఉంది బాబూ" అన్నాడు డ్రైవరు బాబాయ్. కాబోలనుకున్నాడు డాక్టరు. అసలు సంగతి ఇదన్నమాట!

గరాజ్ మూలనున్న డబ్బా తెరిచాడు. ఆయన షరతు ఒకటుంది. సర్వీసులో ఏది మార్చినా సరే, తీసేసిన పాత సామాను డబ్బాలో పెట్టి డిక్కీలో వేసి ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే కారు కదలదు. తననెవడూ బురిడీ కొట్టించలేడని ఆయన ధీమా.

డబ్బాలో అరిగిపోయిన ప్యాడ్లు ఉన్నాయి. వాటి మీద చుక్క మాత్రం లేదు.

అంటే, ఎవరివో పాతవి డబ్బాలో పడేసి, తన పాతవి తన కారుకే ఉంచేశారు!

"పద బాబాయ్, షోరూముకి! ఇవాళ వాళ్ళో నేనో తేలిపోవాలి."

బాబాయ్ నెమ్మదిగా పోనిచ్చాడు. ఆయన డ్రైవింగే అంత. సైకిలువాడు దాటిపోయినా రోషపడడు. డాక్టరు భార్యకి ఆ నిదానమే నచ్చింది. "కారుని సొంతసొమ్ములా చూసుకుంటాడు" అని నలుగురికీ చెబుతుంది.

"కాస్త గట్టిగా పోనీ బాబాయ్!"

"పసిపిల్ల తిరిగే కారు బాబూ. నాకిలాగే అలవాటైపోయింది."

షోరూం నేలలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. సర్వీసు మేనేజరు సూటు సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"కాఫీ తీసుకుంటారా సార్?"

"మీ కాఫీ మీరే తాగండి. నా కూతురి ప్రాణం మీదికి తెచ్చారు!"

సంగతంతా విని మేనేజరు ఫోన్‌లో వీడియో చూపించాడు. మెకానిక్ పాత ప్యాడ్లు తీయడం, కొత్తవి బిగించడం, అన్నీ ఉన్నాయి.

"ఇదెవరి కారో!" అన్నాడు డాక్టరు.

"సార్, ఉన్నమాట చెప్తాను. కారు అమ్మితే మాకు మిగిలేది మీరు వద్దన్న ఆ కాఫీ ఖర్చుకి బొటాబొటీగా సరిపోతుంది. ఈ అద్దాలూ ఏసీలూ నా సూటూ, అన్నీ సర్వీసు మీదే బతుకుతున్నాయి."

"నేనూ అదే అంటున్నా. దొంగసొత్తు మీద బతుకుతున్నాయి!"

"ప్యాడ్ల మీద లాభం, విప్పినందుకు కూలి, బిగించినందుకు ఇంకో కూలి. న్యాయంగానే ఇంత వస్తుంటే, దొంగతనం చేసే ఓపిక ఎవరికుంది సార్? మీరు మాత్రం? పన్ను పీకితే ఏం మిగులుతుంది, తొడుగు వేస్తేనేగా!"

డాక్టరు మొహం కందగడ్డయింది. "అయితే వంగి ఆ చుక్క చూడండి."

మేనేజరు వంగలేదు. సూటు నలుగుతుందని కాబోలు. "చుక్కలు చూసి చెప్పేది జ్యోతిష్కులు సార్. బ్రేకు సంగతి రోడ్డే చెప్తుంది."

"అంత నమ్మకముంటే ఈ కారెక్కి కొండరోడ్డు దిగండి. బాణంలా దిగాలి!"

"ఎక్కుతా. మీరూ ఎక్కండి."

డాక్టరు కారుకేసి చూశాడు. ఎక్కకపోతే పరువు పోతుంది. ఎక్కితే ప్రాణమే పోవచ్చు. అయినా స్టీరింగ్ పట్టేది బాబాయ్ కదా అని గుండె చిక్కబట్టుకున్నాడు. తను చుక్క పెట్టి పరీక్షించనక్కర్లేని మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే.

కొండరోడ్డు మలుపు దగ్గర కారు ఆగింది. ఎదురుగా రోడ్డు జారుడుబల్లలా కిందికి పోతోంది. ముందు సీట్లో మేనేజరు బెల్టు పెట్టుకున్నాడు.

"పోనీ బాబాయ్! ఈ సూటుబాబుకి కాస్త చెమట పట్టించు."

బాబాయ్ ఇంజను ఆపేశాడు.

"నావల్ల కాదు బాబూ. దిగితే ఈ బండి ఆగదు."

డాక్టరు చప్పట్లు చరిచాడు. "విన్నారా? మా డ్రైవరే చెప్తున్నాడు! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలండీ?"

మేనేజరు సూటు మీద మొదటిసారి చెమట మరక కనిపించింది. బాబాయ్ అద్దంలోంచి డాక్టరు కళ్ళలోకి చూశాడు.

"జీతం పెంచమన్నప్పుడల్లా, 'షోరూంవాళ్ళు దోచేస్తున్నారు బాబాయ్, నాకే మిగలట్లేదు' అనేవారు కదా బాబూ. మొదట్లో నేనూ నమ్మాను. నిన్న పాప స్కూలు దగ్గర కారు జారేసరికి నా గుండె జారిపోయింది. రేపే మంచివి బిగించేద్దామనుకున్నా, ఈలోగా మీరు చుక్క చూసేశారు. ఆ డబ్బాలోవి పాతసామాన్ల కొట్లో ఏరుకొచ్చినవి. అప్పుడు ఫిల్టర్లు, ఆ తర్వాత బ్యాటరీ, ఇప్పుడు ప్యాడ్లు... షోరూంవాళ్ళు ప్రతిసారీ కొత్తవే వేశారు బాబూ, కారు తెచ్చేటప్పుడు దార్లో విప్పి అమ్ముకున్నది నేను. కానీ వాటి బదులు బిగించడానికి నాకు పాతవి దొరకాలిగా... పోట్లాడి మరీ డిక్కీలో పెట్టించింది మీరే!"