రెండక్షరాలకు కవరు

“రెండక్షరాలేనండీ. పాతదే. కవరు మాత్రం తప్పకుండా వెయ్యాలి. వెయ్యకపోతే మేం రాం,” అంటోంది రాణి ఫోన్లో, పెరట్లో నిలబడి.

గుమ్మం ఇవతల బొటనవేలికి గుడ్డ చుట్టుకుంటున్న పల్లంరాజు చెవులు నిక్కబొడిచాడు. జెల్ల చేప ముల్లు గుచ్చుకుని ఆ వేలు ఎన్నాళ్ళయినా మానలేదు. ఇప్పుడా నొప్పి కూడా మరిచిపోయాడు.

“ఎవరే ఫోన్లో?”

“పచ్చబొట్టు పొడిచే ఆయన. రాజమండ్రిలో షాపంట. ఆదివారం ఎల్దాం. నువ్వూ రావాలి మావా,” అని, మరో మాటకు సందివ్వకుండా చేపల తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది రాణి.

రెండక్షరాలు! రాణి ముంజేతి మీద ఉన్నవీ రెండక్షరాలే. ‘రాజు.’ పెళ్ళయిన కొత్తలో కోరుకొండ తీర్థంలో, వచ్చినవాళ్ళందరికీ ఒకటే సూదితో పొడుస్తున్నవాడి దగ్గర పొడిపించుకుంది. మొగుడి పూర్తి పేరుకు నొప్పి ఓర్చుకోలేక సగంతో సరిపెట్టింది. ఆ సగం పేరుకే చెయ్యి వాచి, చీము పట్టి, అన్నం కలుపుకోవడానికి కూడా లేకుండా పోయింది. అప్పుడు పల్లంరాజే ముద్దలు చేసి నోట్లో పెట్టాడు. కొత్త పెళ్ళికొడుకు కదా, చీములో కూడా ప్రేమే కనపడింది.

మార్కెట్‌కు వెళ్ళాక మనసాగక పక్క బల్ల సత్తియ్యను అడిగాడు.

“పచ్చబొట్టుకి కవరెయ్యడం అంటే ఏంటి బావా?”

“ఉన్న పేరు కనపడకుండా దాని మీద ఇంకో బొమ్మ పొడిపించడం. మా మేనల్లుడు చేయించుకున్నాడుగా, ప్రేమించిన పిల్లకి వేరే సంబంధం కుదిరాక. ఇంతకీ ఎవరికి?”

“ఎవరికో లే,” అన్నాడు గానీ, ఆపైన పల్లంరాజుకు కోస్తున్న శీలావతి చేపకు తల ఏదో తోక ఏదో తెలియలేదు.

తాళ్ళరేవు పెళ్ళి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ రాణి ముభావంగానే ఉంది. అది పల్లంరాజు పుట్టి పెరిగిన ఊరు. పెళ్ళిలో కాస్త ఎక్కువ తాగిన మాట నిజం. వడ్డన దగ్గర పాత పరిచయం ఉన్న ఒకావిడ పలకరిస్తే నవ్వుతూ నిలబడిపోయి, పెళ్ళాం తిందో లేదో చూడని మాటా నిజమే. అంతమాత్రానికే మొగుడి పేరు చెరిపేసుకుంటారా? పల్లంరాజుకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం పొద్దున్నే స్నానం చేస్తూ గుండె మీది పచ్చబొట్టును తడుముకున్నాడు. ‘లోవ’ అని ఉంటుంది. అది తలుపులమ్మ లోవలో కొలువైన తల్లి పేరని పెళ్ళినాడే రాణికి చెప్పాడు. ఆ పిచ్చిది ఎన్నోసార్లు దాన్ని కళ్ళకద్దుకుంది కూడా.

“తల్లీ, దాని చేతి మీద నా పేరు నిలబెట్టు. లోవకొచ్చి కోడిని కోస్తాను,” అని మొక్కుకున్నాడు.

షాపులో విజయ్ పాల్ అనే కుర్రాడు మర్యాదగా లేచి నిలబడ్డాడు.

“రండమ్మా. కవరేగా అడిగారు? మీ ముందే వేస్తానండి.”

పల్లంరాజు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ప్లాస్టిక్ చప్పుడు వినిపించి తెరిచి చూస్తే, విజయ్ పాల్ పచ్చబొట్టు మిషన్‌కు పల్చటి సంచీ ఒకటి తొడుగుతున్నాడు.

“ఇదేంటి బాబూ?”

“కవరండి. ఒకళ్ళ రక్తం చుక్క మిషన్‌కి అంటుకుంటే ఇంకొకళ్ళకి జబ్బు తగలచ్చు. ఎంత తుడిచినా సందుల్లో ఉండిపోద్దండి. అందుకే మనిషికో కవరు. పనయ్యాక తీసి పారేస్తాం. సూది కూడా కొత్తదే.”

“మరి ఆ వైరో?” అంది రాణి.

“దానికీ వేస్తానండి,” అని వైరుకు పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం తొడిగాడు.

“రక్తం చేత్తోనే ఆ లైటు కూడా తిప్పుతావుగా?”

విజయ్ పాల్ నవ్వి లైటు పిడికీ, నీళ్ళ సీసాకూ కూడా చుట్టబెట్టాడు. “ఇంకా నయం, నన్ను కూడా చుట్టెయ్యమన్లేదు!”

“చిన్న ముల్లు గుచ్చుకున్నా పుండైపోయే ఒళ్ళు బాబూ. జాగ్రత్త పడాలి గదా.”

కోరుకొండ చీము గుర్తొచ్చి పల్లంరాజు గుండె కరిగిపోయింది. కవరంటే ఇదా! పోయిన ప్రాణం లేచొచ్చింది. సత్తియ్యను మనసులోనే నాలుగు తిట్లు తిట్టుకున్నాడు.

“నా పేరు మీద కవరేయిస్తావేమోనని హడలి చచ్చాను గదే!” అనేశాడు పైకే.

రాణి ముంజెయ్యి చూపించింది. “అంత చీము కారినా పోని పేరు. దీన్ని నేనెందుకు పోగొట్టుకుంటాను మావా?”

పల్లంరాజు కళ్ళు చెమర్చాయి.

“బొమ్మ ఏదండీ?” అన్నాడు విజయ్ పాల్.

“అదిగో, గోడ మీద చేప. పొలుసులు నల్లగా, ఒత్తుగా పడాలి.”

తన పేరు పక్కన చేప! పల్లంరాజు పొంగిపోయాడు. ఇంతకన్నా భాగ్యం ఏ జాలరికుంటుంది?

“వేయించు రాణీ, వేయించు. నీ ఇష్టమే నా ఇష్టం.”

“మాట తప్పవుగా?”

“లోవ తల్లి మీదొట్టు!” అంటూ గుండె మీద చెయ్యేసుకున్నాడు.

విజయ్ పాల్ కొత్త గ్లౌజులు తొడుక్కుని కుర్చీ చూపించాడు. రాణి కూర్చోలేదు. మొగుడి భుజాలు పట్టుకుని నెమ్మదిగా అతన్నే అందులో కూర్చోబెట్టింది.

“చొక్కా విప్పు మావా, కవరెయ్యాల్సింది నీ తాళ్ళరేవు లోవమ్మకి.”