పదమూడో రీలు

“కండ్లార్పకు అక్కా, ఇగ గిప్పుడే వస్తది!” సత్తార్ రిమోట్‌ను రెండు చేతులా పట్టుకొని కుర్చీ అంచుకు జరిగాడు.

“ఏమొస్తది? రెండు గంటల సంది గా తల్లి ఏడుస్తనే ఉన్నది,” అంది లస్మవ్వ.

టీవీలో పాత నలుపు తెలుపు సినిమా. సత్తార్ మనుమరాలు నౌషీన్ ఎక్కడో వెతికి పట్టి, ఫోన్ నుంచి టీవీకి ఎక్కించి కాలేజీకి పోయింది. సత్తార్ పొద్దున్నే నాలుగు వీధులవతల ఉన్న లస్మవ్వ ఇంటికి పోయి, “మా ఇంట్ల చాయ్ తాగుదువు రా” అని పిలుచుకొచ్చాడు. చాయ్ ఒక సాకు. అల్లా పేరు మీద వేసిన ఒక దొంగ ఒట్టు యాభై ఏళ్లుగా అతని గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది. డెబ్బై నాలుగు నిండాయి. ఇక అది మోసుకొని పైకి పోయే ధైర్యం లేదు.

అప్పట్లో సత్తార్ నస్పూర్ టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్. ఈ బొమ్మ ఇరవై ఒక్క రోజులు ఆడింది. ఆడవాళ్ల కన్నీళ్లకు డేరాలో ఇసుక తడిసి, పొద్దున ఊడ్చేవాళ్లకు కప్పలు దొరికేవని అతను ఇప్పటికీ చెబుతాడు. కప్పల సంగతి ఎట్లున్నా లస్మవ్వ సంగతి మాత్రం నిజం. కొత్తగా కాపురానికొచ్చిన ఆమె మొదటి రోజు వాడకట్టు ఆడవాళ్లందరినీ వెంటేసుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. రెండో రోజు నుంచి ఒక్కతే వచ్చింది. ఇరవై ఒక్క రోజులూ మొదటాటే. బొగ్గుబాయి కార్మికుడి పెళ్లాం రెండో ఆటకు వస్తే వాడకట్టు ఊరుకుంటుందా!

ఆఖరి రోజు ఆమె మెషిన్ గది దగ్గరికి వచ్చింది.

“సత్తారూ, బొమ్మ మొత్తం ఏసినవా? ఏమన్న ఇడిసినవా?”

“అల్లా తోడు అక్కా, ఒక్క ముక్క ఇడువలే.”

ఆమె వెళ్లిపోయింది. ఎంత సినిమా పిచ్చి ఈమెకు, అనుకున్నాడు సత్తార్. అనుకొని నవ్వుకున్నాడు కూడా. ఆ నవ్వే తర్వాత ముల్లయింది.

వంటింట్లోంచి సత్తార్ భార్య జమాలున్నీసా కేకేసింది. “చెప్పేదేదో జర జల్ది చెప్పు. చాయ్ సల్లారుతున్నది.”

“చెప్తున్న గదనే! అక్కా, నీకు అబద్ధం చెప్పిన. రోజూ మొదటాటల పదమూడో రీలు పక్కకు పెడ్తుంటి.”

లస్మవ్వ మెడ తిప్పింది. “ఎందుకు?”

“అండ్ల కథేం లేదక్కా. ఒట్టి జాతర. తల్లి కొడుకు కోసం తిరుగుతది, వాడు దొరకడు, గంతే. గా రీలు ఇడిస్తే రెండో ఆటకు ముందు పది నిమిషాలు మిగులుతుండె. ఎదురుంగ హోటల్ల చాయ్ పోసే దీన్ని చూసొస్తుంటి.”

“నా మీదికి తోస్తుండు చూడు!” వంటింటి గొంతు లేచింది. “చక్కెర తక్కువైందని రోజూ లొల్లి పెట్టుడు తప్ప, ముఖం దిక్కు చూసింది ఎన్నడు?”

లస్మవ్వ నవ్వలేదు. టీవీలో జాతర మొదలైంది. తల్లి గుంపులో ఒక్కొక్క మొహాన్నీ వెతుకుతూ పరుగెడుతోంది. లస్మవ్వ మోకాళ్లు పట్టుకొని లేచి టీవీ దాకా నడిచింది.

“ఆపు!”

సత్తార్ బటన్ నొక్కాడు. ఆమె వేళ్లు అద్దం మీద ఆగాయి. తల్లి మొహం మీద కాదు, గాజుల దుకాణం పక్కన తలపాగా చుట్టుకొని బిక్కమొహంతో నిలబడ్డ ఒక బక్కపలచని మనిషి మీద.

“తప్పయిందక్కా,” అన్నాడు సత్తార్. “గంత మంచి బొమ్మకు గండి కొట్టిన. తిట్టు, పడ్త.”

“అబద్ధాలకోరని గడప తొక్కనియ్యలే,” అంది లస్మవ్వ, చెయ్యి తియ్యకుండానే. “సచ్చిపోయిండని కబురొస్తే గూడ పోలే.”

“ఎవల్ని అక్కా?”

“సినిమాల కనవడ్తనని ఉత్తరం రాసిన మా తమ్ముణ్ని.”