చెయ్యి చాపని దీనమ్మ

“ఆ నీలం సంచి ముట్టుకోకండి! అది నాది!” వ్యాన్ వెనక సీట్లోంచి కేక పెట్టింది కెజియా.

డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల. కాలేజీ ప్రార్థన బృందంతో కలిసి పల్లెకు సేవకు రావడం ఇదే మొదటిసారి. ఇంట్లో అమ్మను ఒప్పించడానికి వారం పాటు నోరెత్తకుండా అంట్లు తోమింది. అందుకే గుంటూరు దాటిన దగ్గర్నుంచీ కూర్చున్నచోట కూర్చోకుండా, పాట మొదలవకముందే చప్పట్లు కొడుతూ అందరి ప్రాణాలూ తీస్తోంది.

“నీదేంటి? పంచడానికి తెచ్చిన బియ్యమే కదా,” అన్నాడు బృందం నాయకుడు సాల్మన్.

“పంచేదేలే. కానీ దాన్ని నా చేత్తో నేనే ఇస్తా. చూడన్నా, పాత చీర ముక్కతో ఎంత ముద్దుగా కుట్టారో! ఎవరిచ్చారు?”

“ఎవరని చెప్పను? పల్లెల్లో మనవాళ్లు అన్నం వండే ముందు దేవుడి పేరున ఓ పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారుగా. అలా పోగైనవన్నీ గుంటూరులో మన గుడికి చేరతాయి. గుడివాళ్లు మనకిచ్చారు.”

కెజియా సంచిని ఒళ్లో పెట్టుకుంది. సత్తెనపల్లి దాటాక రోడ్డుకు రెండు వైపులా మిరపచేలు ఎర్రబడి ఉన్నాయి. వ్యాన్‌లోకి ఘాటు కొట్టి అందరూ తుమ్ముతుంటే, కెజియా తుమ్ముతూనే పాడింది.

ఊళ్లో పాస్టరు దేవసహాయంగారు అందరికీ మజ్జిగ ఇప్పించి, ఏ ఇంట్లో ఏ అవసరం ఉందో చెప్పారు.

“చివరింటి దీనమ్మ దగ్గరికి మాత్రం సంచి పట్టుకెళ్లకండి బాబూ. ఈ ఊళ్లో అందరికంటే లేనిది ఆవిడే. కానీ ఎవరేమిచ్చినా తీసుకోదు. తుఫానప్పుడు ఇచ్చిన సామాను కూడా పక్కింటికి ఇచ్చేసింది. ‘చేతులాడినన్నాళ్లు చెయ్యి చాపను’ అంటుంది.”

కెజియా లేచి నిలబడింది. “అయితే నా సంచి ఆవిడకే!”

“తీసుకోదంటుంటే వినవేం?” అన్నాడు సాల్మన్.

“తీసుకుంటుందన్నా. తీసుకోకపోతే జన్మలో మళ్లీ సేవకు రాను.”

అందరూ నవ్వారు. కెజియా నవ్వలేదు. తన చేతిమీదుగా ఒక్కరికైనా మేలు జరక్కపోతే ఈ పనికి తాను పనికిరానట్టేనని గట్టిగా అనుకుంది.

దీనమ్మ మిరపచేలో ఉంది. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుని వంచిన నడుం ఎత్తకుండా కాయలు కోస్తోంది.

“వందనాలమ్మమ్మా! నేనూ కోస్తా.”

“నువ్వా? చేతులు మండిపోతాయే పిల్లా.”

“మండనీ!”

మండాయి. చాలదన్నట్టు ఆ చేత్తోనే కన్ను తుడుచుకుంది. ఇక చూడాలి ఆ గెంతులు! దీనమ్మ నవ్వు ఆపుకుంటూ కంట్లో నీళ్లు కొట్టి, చేతులకు నూనె రాసి, గట్టు మీద కూర్చోమంది.

“కూర్చోడానికా వచ్చింది?” అంటూ కెజియా ముక్కు ఎగబీలుస్తూ మళ్లీ సాలులోకి దిగింది. ఆ మొండితనం దీనమ్మకు ఎంతో నచ్చింది. సాయంత్రం దాకా ఇద్దరూ కబుర్లాడుకుంటూ కోశారు.

పని ముగిశాక కెజియా ఆవిడ వెనకే ఇంటికి వెళ్లింది. దారిలో గుడి అరుగు మీదున్న తన సంచి తీసుకుని వీపు వెనక దాచుకుంది. ఒంటి గది ఇల్లు. గుమ్మానికి వెలిసిపోయిన నీలం గుడ్డ పరదాగా వేలాడుతోంది. దీనమ్మ లోపలికెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టింది. బియ్యం డబ్బా అడుగున గ్లాసు గీరుకున్న చప్పుడు బయటికి వినపడింది. కెజియా గుమ్మం దగ్గరికి జరిగింది.

“అమ్మమ్మా, ఒకటి ఇస్తాను, కాదనకూడదు.”

గుమ్మంలోకి వచ్చిన దీనమ్మ మొహం బిగుసుకుంది. “చూడు తల్లీ, నేనెవరి దగ్గరా...”

కెజియా సంచి ముందుకు చాపింది. దీనమ్మ మాట మధ్యలోనే ఆగిపోయింది. సంచి వైపు చూసింది, పిల్ల వైపు చూసింది.

“ఎవరిచ్చారే ఇది?”

“గుంటూరులో మా గుడివాళ్లు. ఎవరో కలిగినవాళ్లే పంపుంటారు అమ్మమ్మా. వాళ్లకేం తక్కువ కాదులే, తీసుకో!”

“కలిగినవాళ్లేలే,” అంటూ దీనమ్మ నవ్వి, రెండు చేతులా సంచి అందుకుని గుండెకు హత్తుకుంది.

కెజియా ఎగిరి గంతేసింది. ఆవిడ రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి, వ్యాన్ దాకా అరుచుకుంటూ పరుగెత్తింది. “తీసుకుంది! అన్నా, తీసుకుంది! వచ్చే సెలవలకీ వస్తున్నా!” వ్యాన్ ఊరు దాటేదాకా ఆ పిల్ల పాట వినిపిస్తూనే ఉంది.

పాస్టరుగారు నమ్మలేక దీనమ్మ ఇంటికి వచ్చారు.

“ఏం దీనమ్మా! నేనీ ఊరొచ్చాక నువ్వొకరి దగ్గర తీసుకోవడం ఇదే చూడటం.”

“ఆ పిల్ల మొహం చూశారా అయ్యగారూ? వద్దంటే ఏడ్చేసేది.”

“అయితే ఇన్నేళ్ల పంతం ఆ పిల్ల కోసం వదిలేశావన్నమాట.”

దీనమ్మ సంచి కుట్టు మీద వేలితో నిమురుతూ, గుమ్మానికున్న పరదా వైపు చూసి నవ్వింది.

“ఎక్కడ వదిలానయ్యగారూ? ఇది కిందటి నెల నేను గుళ్లో ఇచ్చిన సంచే.”